అడవికి గేటు: కొల్లాపూర్ అంచు నుంచి అమ్రాబాద్ దాకా

కొల్లాపూర్ దాటి సోమశిల రేవుకు చేరితే ఎదురుగా కనిపించేది పారే కృష్ణ కాదు, నిలిచిన కృష్ణ. కింద శ్రీశైలం దగ్గర కట్టిన డ్యాం నీళ్లను ఇక్కడిదాకా, ఇంకా పైకి, ఎగదన్నింది. అవతలి గట్టు సిద్ధేశ్వరం. అది నంద్యాల జిల్లా, ఆంధ్రప్రదేశ్. లాంచీలో నీళ్ల వెంట కిందికి పోతుంటే కొండలు రెండు పక్కలా దగ్గరికి జరుగుతాయి. నల్లమల లోపలికి దారి అది. ఎడమ గట్టు అడవి తెలంగాణలోని అమ్రాబాద్ టైగర్ రిజర్వ్. కుడి గట్టు అడవి ఆంధ్రప్రదేశ్‌లోని నాగార్జునసాగర్-శ్రీశైలం టైగర్ రిజర్వ్.

రాష్ట్రం విడిపోయేదాకా రెండూ ఒకటే. 3,568 చదరపు కిలోమీటర్ల ఆ రిజర్వు విస్తీర్ణంలో దేశంలోకెల్లా పెద్దదని పోటీ పరీక్షలకు చదివినవాళ్లకు నోటికి వచ్చు. 2014 తర్వాత ఉద్యోగులను, అప్పులను, నీళ్లను పంచుకున్నట్టే అడవినీ పంచుకున్నారు. ఇప్పుడు అమ్రాబాద్ మొత్తం 2,611 చదరపు కిలోమీటర్లు. అందులో కోర్ 2,166, బఫర్ 445. కానీ పెద్దపులి ఈతలో దిట్ట. ఇవాళ తెలంగాణ కెమెరాలో పడ్డది రేపు ఆంధ్ర కెమెరాలో పడొచ్చు. ఆ ఒక్క పులినే రెండు రాష్ట్రాలూ తమ ఖాతాలో రాసుకోకుండా, దేశం మొత్తం మీద తీసిన పులుల ఫొటోలను ఒకచోట చేర్చి చారలు పోల్చి చూస్తారు.

అడవిని కాపాడడమంటే చెట్టుకూ జంతువుకూ కాపలా కాయడమే అనుకుంటాం. సోమశిల రేవులో కాసేపు గడిపితే అసలు పని వేరని తెలుస్తుంది. ఈ నీటి మట్టం ఎంత ఉండాలో సాగునీటి శాఖలు, కృష్ణా నది యాజమాన్య బోర్డు తేలుస్తాయి. నీళ్లలోని చేప మత్స్యశాఖది. లాంచీ పర్యాటక సంస్థది. అవతలి గట్టుకు కట్టబోయే వంతెన జాతీయ రహదారుల వాళ్లది. ఎల్లూరు దగ్గర కల్వకుర్తి ఎత్తిపోతల పంపులు, నార్లాపూర్ దగ్గర పాలమూరు-రంగారెడ్డి పథకం పంపులు ఈ జలాశయం నుంచే నీళ్లు తోడతాయి. కొండ ఒక్కటే అటవీ శాఖది. కొండ మీది జంతువు ఎండాకాలంలో దిగి రావలసింది మాత్రం ఇందరు యజమానులున్న ఈ నీళ్లకే.

ఒక చిన్న ఉదాహరణ, అలవి వలలు. కన్ను సన్నగా ఉండే ఈ పెద్ద వలలు పిల్లచేపను కూడా వదలవు. వాటి మీద నిషేధం ఉంది. అయినా కొల్లాపూర్ వైపు జలాశయంలో ఆ వలలు పట్టుబడడం, అధికారులు తగలబెట్టడం, మళ్లీ కొత్తవి దిగడం జిల్లా పేజీ చదివేవాళ్లకు పాత వార్తే. ప్రభుత్వం ఒకపక్క ఉచితంగా చేపపిల్లలను నీళ్లలో వదులుతుంది, ఇంకోపక్క అవి ఎదగకముందే వలలో పోతాయి. నష్టం స్థానిక జాలరులతో ఆగదు. నీటికుక్కలు, కొంగలు, మొసళ్లు, చేప మీద బతికేవన్నీ ఆ లెక్కలోకి వస్తాయి. కానీ వల పట్టుకోవడం అటవీ శాఖ బీట్ ఆఫీసర్ విధుల్లో లేదు. అతని అడవి గట్టు దగ్గర ఆగిపోతుంది.

రక్షిత ప్రాంతాల నిర్వహణ అనే మాటలో శాస్త్రం ఉంది, చట్టం ఉంది, బడ్జెట్ ఉంది. కానీ రోజువారీ పనిలోకి దిగితే అది చాలావరకు గేటు దగ్గర తేలే వ్యవహారం. ఎవరిని లోపలికి రానివ్వాలి, ఏ వేళకు రానివ్వాలి, ఎవరిని ఉండనివ్వాలి, ఎవరిని పొమ్మనాలి. నల్లమల ఈ నాలుగు ప్రశ్నలకూ వేర్వేరు కాలాల్లో వేర్వేరు జవాబులు చెప్పింది. అవన్నీ ఒకే తూకంతో చెప్పినవి కావు.

చట్టం గీసిన గీతలు

తెలంగాణలో జాతీయ పార్కులు మూడు. కేబీఆర్, మృగవని, మహావీర్ హరిణ వనస్థలి. మూడూ హైదరాబాద్‌లోనో, దాని అంచునో ఉన్నాయి. మూడూ కలిపినా ఇరవై చదరపు కిలోమీటర్లకు అటూఇటూ. జనం పొద్దున్నే వాకింగ్‌కు వెళ్లే కేబీఆర్ జాతీయ పార్కు. పెద్దపులి తిరిగే అమ్రాబాద్ కాదు!

ఇందులో వింత ఏమీ లేదు, చట్టం అలా ఉంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం జాతీయ పార్కు అంటే లోపల ఎవరికీ ఏ హక్కూ మిగలకూడదు, పశువులు మేయకూడదు. అభయారణ్యం అంత కఠినం కాదు. అక్కడ విచారణ జరిపి కొన్ని హక్కులను కొనసాగనివ్వొచ్చు. నగరం నడుమ కంచె వేసిన రాజావారి తోటలో హక్కులు లేకుండా చేయడం తేలిక. వందల ఏళ్లుగా మనుషులు బతుకుతున్న అడవిలో అది కుదరదు. అందుకే నల్లమల 1978లో అభయారణ్యం అయింది, 1983లో ప్రాజెక్ట్ టైగర్‌లో చేరింది, జాతీయ పార్కు మాత్రం కాలేదు.

2006లో రెండు మలుపులు ఒకేసారి వచ్చాయి. రాజస్థాన్‌లోని సరిస్కాలో పులి అన్నదే మిగల్లేదని 2005లో తేలి దేశం ఉలిక్కిపడింది. దాంతో వన్యప్రాణి చట్టాన్ని సవరించి జాతీయ పులుల సంరక్షణ ప్రాధికార సంస్థను ఏర్పాటు చేశారు. ప్రతి రిజర్వుకూ మనిషి అలికిడి లేని కోర్, చుట్టూ బఫర్ ఉండాలన్నారు. అదే ఏడాది చివర్లో పార్లమెంటు అటవీ హక్కుల చట్టాన్నీ ఆమోదించింది. తరతరాలుగా అడవిలో ఉన్నవారి హక్కులను రాసివ్వాలన్నది దాని సారం. ఒక చట్టం కోర్‌ను ఖాళీగా ఉంచమంటుంది, ఇంకోటి అందులో ఉన్నవాళ్ల హక్కు ముందు తేల్చమంటుంది. రెండింటి మధ్య వంతెన కూడా చట్టంలోనే ఉంది. హక్కుల గుర్తింపు పూర్తి కావాలి, మనుషులూ పులీ ఇక్కడ కలిసి ఉండలేరని శాస్త్రీయంగా చూపించాలి, గ్రామసభ అన్నీ తెలుసుకుని ఒప్పుకోవాలి. అప్పుడే తరలింపు. కాగితం మీద ఇంత స్పష్టంగా ఉన్న నిబంధన క్షేత్రంలో ఇంత మసకగా ఎందుకుంటుందో తెలియాలంటే కొంచెం వెనక్కి పోవాలి.

పులుల కంటే ముందు మనుషుల రిజర్వు

నిజాం కాలంలో మన్ననూరు పైన ఫర్హాబాద్ వేట ప్రాంతం. ఇప్పుడు సఫారీ జీపులు వెళ్లి ఆగే వ్యూ పాయింట్ ఆ దారిలోదే. 1940లో ఆ దారినే క్రిస్టోఫ్ వాన్ ఫ్యూరర్-హైమన్‌డార్ఫ్ అనే ఆస్ట్రియా మానవశాస్త్రవేత్త, ఈ అడవి ఆదివాసీలైన చెంచుల పెంటలకు, అంటే గూడేలకు, చేరాడు. వేట, దుంపలు, తేనె మీద బతికే ఆ మనుషుల గురించి ఆయన రాసిన పుస్తకం 1943లో అచ్చయింది. పుస్తకం కంటే ముందే ఒక ఫలితం వచ్చింది. కాంట్రాక్టర్లు, అటవీ ఆంక్షల మధ్య చెంచులు నలిగిపోతున్నారని ఆయన చెప్పడంతో 1942లో నిజాం ప్రభుత్వం అమ్రాబాద్ ఎగువ పీఠభూమి మీద సుమారు లక్ష ఎకరాలను చెంచు రిజర్వుగా కేటాయించింది. అంటే పులుల రిజర్వు కంటే నాలుగు దశాబ్దాల ముందే ఈ కొండ మీద మనుషుల రిజర్వు ఉంది.

ప్రపంచం మొత్తం అప్పటికి ఇంకో దారిలో నడుస్తోంది. 1872లో అమెరికా యెల్లోస్టోన్‌ను పార్కుగా ప్రకటించినప్పుడు అక్కడ వేటాడే, తిరిగే షోషోనీ, క్రో, బ్యానక్ తెగలను బయటికి నెట్టారు. 1886 నుంచి 1918 దాకా ఆ పార్కును నడిపింది సైన్యం! మనిషి లేని అడవే అసలైన అడవి అన్న ఆలోచన అక్కడి నుంచే దేశదేశాలకు పాకింది. మన ప్రాజెక్ట్ టైగర్ 1973లో కార్బెట్‌లో మొదలైనప్పుడు కూడా ఆ నీడ దాని మీద ఉంది. ఆ లెక్కన హైదరాబాద్ రాజ్యం 1942లో చేసిన పని కాలానికి ఎదురీదినట్టే. అది ఎక్కువకాలం నిలవలేదన్నది వేరే సంగతి.

1990ల నుంచి 2000ల మధ్యదాకా నల్లమలను నిజానికి ఎవరు నిర్వహించారంటే అటవీ శాఖ అని చెప్పడం కష్టం. మావోయిస్టులకు అది కంచుకోట. 2004లో ప్రభుత్వంతో చర్చలకు నాయకులు బయటికి వచ్చింది ఈ అడవుల్లోంచే. అటవీ సిబ్బంది లోపలికి పోవడానికి జంకేవారు, లెక్కలూ గస్తీలూ కుంటుపడ్డాయి. పోలీసుకూ దళానికీ మధ్య చెంచులు ఇరుక్కున్నారు. ఆ తర్వాతే కెమెరాలు, బేస్ క్యాంపులు, రోజువారీ గస్తీ నల్లమలకు వచ్చాయి.

పులిని లెక్కపెట్టడం

పూర్వం అడుగుజాడలే ఆధారం. 1966లో ఒడిశాకు చెందిన అటవీ అధికారి సరోజ్ రాజ్ చౌధురి రూపొందించిన పద్ధతి అది. గాజుపలక మీద పాదముద్ర గీత గీసుకుని, ప్లాస్టర్ అచ్చు తీసి, ఏ పులి ఏదో చెప్పేవారు. అనుభవం ఉన్న ట్రాకర్ చెబితే నమ్మబుద్ధి అవుతుంది. కానీ ఒకే పులి అడుగు బురదలో ఒకలా, ఇసుకలో ఇంకోలా పడుతుంది. పైగా లెక్క తగ్గితే పై అధికారి అడుగుతాడు, పెరిగితే అడగడు. సరిస్కాలో కాగితం మీద పులులు బతికే ఉన్నాయి.

ఇప్పుడు దారి వెంట ఎదురెదురుగా రెండు ట్రాప్ కెమెరాలు కడతారు. పులి మధ్యలోంచి పోతే రెండు పక్కలా ఫొటో పడుతుంది. మనిషి వేలిముద్రలాగే ఏ రెండు పులుల చారలూ ఒకటి కావు. కొన్ని వారాలు కెమెరాలు ఉంచితే కొన్ని పులులు ఒక్కసారే పడతాయి, కొన్ని మళ్లీ మళ్లీ పడతాయి. పడ్డవే మళ్లీ పడుతుంటే దాదాపు అన్నీ లెక్కకు వచ్చినట్టు. ప్రతిసారీ కొత్త ముఖం కనిపిస్తుంటే ఇంకా పడనివి చాలా ఉన్నట్టు. ఈ నిష్పత్తి నుంచి కెమెరాకు చిక్కని పులుల సంఖ్యను అంచనా కడతారు. మన దేశంలో ఈ పద్ధతిని గట్టిగా నిలబెట్టింది కర్ణాటకకు చెందిన ఉల్లాస్ కారంత్. 2018 జాతీయ గణనలో 26,838 చోట్ల కెమెరాలు పెడితే దాదాపు మూడున్నర కోట్ల ఫొటోలు వచ్చాయి. అందులో పులి ఉన్నవి 76,651. మిగతావన్నీ చిరుతలు, దుప్పులు, పశువులు, మనుషులు, గాలికి ఊగిన గడ్డి.

2006లో 1,411గా తేలిన దేశపు పులుల సంఖ్య 2022 గణనకు 3,682కు చేరింది. ఆంధ్రప్రదేశ్‌లో 2018లో 48 ఉంటే 2022లో 63. తెలంగాణలో మాత్రం 26 నుంచి 21కి తగ్గింది. ఒకే నల్లమల, నది రెండు గట్లు, కానీ లెక్క రెండు దిక్కులకు పోయింది. తెలంగాణ అంకెలో, రాష్ట్రంలోని ఇంకో టైగర్ రిజర్వు అయిన కవ్వాల్ వైపు మహారాష్ట్ర నుంచి వచ్చిపోయే పులుల సంగతి కూడా కలిసి ఉంది కాబట్టి, ఆ తగ్గుదలను అమ్రాబాద్ ఒక్కదాని నెత్తిన వేయడం న్యాయం కాదు. అయితే 2,600 చదరపు కిలోమీటర్ల అడవికి ఉండాల్సినన్ని పులులు అమ్రాబాద్‌లో లేవన్నది దాచిపెట్టాల్సిన విషయమూ కాదు.

మేత, నీళ్లు, మంట

పులి ఎందుకు పెరగదంటే వేటగాళ్లు అనేది వెంటనే వచ్చే జవాబు. అది సగమే. ఒక పెద్దపులికి ఏడాదికి దుప్పి సైజు జంతువులు యాభై దాకా కావాలి, వారానికి ఒకటి చొప్పున. మందలో ఏటా పదో వంతు పోయినా మిగతావి ఈని ఆ లోటు పూడుస్తాయి. అంతకు మించి తింటే మందే కరిగిపోతుంది. ఆ లెక్కన ఒక్క పులి నిలవాలంటే చుట్టూ ఐదు వందల దుప్పులో, కణుజులో, అడవిపందులో ఉండాలి. దుప్పి లేని చోట పులిని తెచ్చి వదిలినా ఉండదు. ఆకలికి ఊరి పశువు మీద పడుతుంది, ఆ తర్వాత కథ అందరికీ తెలుసు. కళేబరానికి విషం, లేదా పొలం కంచెకు కరెంటు తీగ.

దుప్పి ఉండాలంటే గడ్డి, నీళ్లు ఉండాలి. అమ్రాబాద్ పీఠభూమిది ఆకురాల్చే ఎండు అడవి. కృష్ణ కింద లోతైన లోయలో పారుతుంది. అంచున నిలబడితే కళ్లకు కనిపిస్తుంది కానీ పైనున్న మందకు అందదు. ఏప్రిల్ నాటికి వాగులు ఎండిపోతాయి. అప్పుడు సాసర్ పిట్లలో, అంటే పళ్లెంలాంటి నీటి గుంతల్లో, ట్యాంకర్లతో నీళ్లు పోస్తారు, సోలార్ బోర్లు నడుపుతారు. వినడానికి మంచి పనే. కానీ దీనికీ ఒక లెక్క కావాలి. గుంతలన్నీ ఒకేచోట ఉంటే జంతువులు అక్కడే గుమిగూడి చుట్టుపక్కల గడ్డిని నున్నగా గొరుగుతాయి, రోగాలు పంచుకుంటాయి, వేటగాడికీ చిరునామా దొరుకుతుంది. నీళ్లను పరిచినట్టు పంచాలి. ఇది ట్యాంకర్ డ్రైవర్‌కు తెలియకపోయినా నడుస్తుంది, ప్రణాళిక రాసేవారికి తెలియకపోతే నడవదు.

ఫిబ్రవరి నుంచి మే దాకా మంటల కాలం. నల్లమలలో వాటంతట అవి పుట్టే మంటలు అరుదు. తునికి చిగురు బాగా రావాలనో, ఇప్పపూలు ఏరడానికి చెట్టుకింద నేల శుభ్రంగా ఉండాలనో, పశువుకు లేత మేత కోసమో పెట్టిన నిప్పు ఉంటుంది. బీడీ ముక్క, రోడ్డు పక్కన వంట చేసి ఆర్పని పొయ్యి ఉంటాయి. మంట పాకకుండా ముందుగానే గడ్డి కోసి ఫైర్ లైన్లు తీస్తారు. ఉపగ్రహం మంటను గుర్తిస్తే సందేశం సెల్‌ఫోన్‌కు వస్తుంది. అక్కడిదాకా టెక్నాలజీ. ఆ తర్వాత పచ్చి కొమ్మలు విరిచి బాది ఆర్పేది మనిషే. అమ్రాబాద్ బేస్ క్యాంపుల్లో ఆ మనుషుల్లో చాలామంది చెంచులే. ఏ లోయలోకి ఎటు దిగాలో, ఏ ఊట మే నెలలో కూడా ఉంటుందో, ఎలుగుబంటి ఎప్పుడు ఎటు పోతుందో వాళ్లకు ఎవరూ శిక్షణ ఇవ్వలేదు. గస్తీ తిరిగిన దారిని ఫోన్ యాప్‌లో ఎక్కించడం మాత్రం నేర్పారు. రిజర్వు నిర్వహణలో ఇంత చవకగా, ఇంత నైపుణ్యంతో జరుగుతున్న పని ఇంకోటి లేదు. వాళ్ల జీతమూ ఆ చవకలోనే ఉంది, అదే బాధ.

పశువుల సంగతి ఇంకా చిక్కు. అమ్రాబాద్, పదర, లింగాల వైపు మచ్చలు మచ్చలుగా ఉండే పొడ తూర్పు జాతి పశువులు ఉన్నాయి. కొండలెక్కే గిట్టలు, ఎండకు తట్టుకునే ఒళ్లు, కోడెలకు దూరం నుంచి బేరగాళ్లు. 2020లో జాతీయ స్థాయిలో దీన్ని ప్రత్యేక దేశీ జాతిగా నమోదు చేశారు. ఈ జాతి తయారైందే నల్లమల మేత మీద, మందలను అడవిలో తోలుకుపోయే పద్ధతి మీద. ఒక ప్రభుత్వ సంస్థ దాన్ని కాపాడాల్సిన జాతి అంటుంది, మరో ప్రభుత్వ శాఖ అది మేసే చోటును కోర్ అంటుంది. మంద వల్ల దుప్పి మేతకు పోటీ, గాలికుంటు వ్యాధి భయం రెండూ నిజమే. బఫర్‌లో మేతకు చోటు, వేళ చెప్పి, ఊళ్లలో పశువులకు వరసగా టీకాలు వేసి, పులి పశువును చంపితే పరిహారం ఆలస్యం లేకుండా ఇస్తే విషం సీసా దాకా పోదు. నిషేధం బోర్డు పెట్టడం కన్నా ఇది ఎక్కువ పని, అందుకే తక్కువ జరుగుతుంది.

ఎవరికి తెరిచారు, ఎవరికి మూశారు

హైదరాబాద్-శ్రీశైలం రోడ్డు ఈ రిజర్వు గుండెల్లోంచి పోతుంది. రాత్రి తొమ్మిదికి మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర గేటు పడితే పొద్దున ఆరుకు లేస్తుంది. అవతల దోమలపెంట వైపూ అంతే. శ్రీశైలం బయల్దేరి గేటు దగ్గర చిక్కుకుని విసుక్కోనివారు లేరు. కానీ పులి, చిరుత, కణుజు, ముళ్లపంది ఎక్కువగా కదిలేది ఆ తొమ్మిది గంటల్లోనే. డబ్బు ఖర్చు లేకుండా అడవికి ఇంత మేలు చేసిన నిర్ణయం ఇంకోటి చూపించడం కష్టం. ఇదే రోడ్డు మీద ఇప్పుడు ఎలివేటెడ్ కారిడార్ ప్రతిపాదన నడుస్తోంది. కింద జంతువు, పైన బండి. పూర్తయ్యాక బాగానే ఉండొచ్చు. కట్టేటప్పటి ఏళ్ల తరబడి మోత, దుమ్ము, కూలీల గుడిసెల గురించి ముందే మాట్లాడుకోవాలి.

చైత్ర పౌర్ణమికి సలేశ్వరం జాతర. మన్ననూరు వైపు నుంచి కొందరు, లింగాల వైపు నుంచి కాలినడకన కొందరు, లింగమయ్యను పిలుచుకుంటూ లోయలోకి దిగుతారు. లోపల ఎండాకాలంలోనూ ఆగని జలపాతం, పక్కన లింగం, పూజ చేసేది చెంచులు. జాతర వచ్చేది సరిగ్గా మంటల కాలంలో, నీటి కరువు కాలంలో. ఆపేయడం కుదరదు, ఆపకూడదు కూడా. అందుకే రోజులు కుదించి మూడుకు తెచ్చారు, ప్లాస్టిక్ తనిఖీ పెట్టారు, రాత్రి ప్రయాణం కట్టడి చేశారు. జాతరను గేటు దగ్గర బేరమాడి ఒప్పించారన్నమాట. బేరం అనేది ఇక్కడ తప్పు మాట కాదు.

యురేనియం విషయంలో బేరం లేదు, పోరే. 2019లో అమ్రాబాద్ ప్రాంతంలో 83 చదరపు కిలోమీటర్లలో యురేనియం నిల్వల కోసం అన్వేషణకు కేంద్ర అటవీ సలహా సంఘం సూత్రప్రాయంగా సరేనంది. అన్వేషణే కదా, తవ్వకం కాదు కదా అన్నారు. అన్వేషణ అంటే కూడా అడవిలో వందల చోట్లకు రిగ్గుల దారులు, బోరు రంధ్రాలు. చెంచు పెంటల నుంచి సినిమా తారల దాకా నల్లమలను కాపాడమని గొంతు కలిపారు. ఆ సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ వద్దని తీర్మానం చేసింది. ఊరూరా జనం కదిలితే గేటు ఇలా కూడా పడుతుంది.

ఇక కొల్లాపూర్. 2007 జనవరిలో మంచాలకట్ట దగ్గర పడవ మునిగి అరవై మందికి పైగా చనిపోయారు. సోమశిల-సిద్ధేశ్వరం వంతెన కావాలన్న కోరిక అప్పటి నుంచి ఇంకా బలపడింది. 2022లో కేంద్రం వెయ్యి కోట్ల రూపాయలకు పైబడిన ఖర్చుతో తీగల వంతెనకు అనుమతి ప్రకటించింది. కల్వకుర్తి నుంచి కొల్లాపూర్ మీదుగా ఆత్మకూరు, నంద్యాల పోయే 167కె జాతీయ రహదారిలో అది భాగం. ఆ నీళ్లలో బంధువులను పోగొట్టుకున్న ఊళ్లకు అడవి పేరు చెప్పి వంతెన వద్దనే అర్హత ఎవరికీ లేదు. కానీ వంతెన వచ్చాక రాత్రిళ్లు లారీలు పోతాయి, దాబాలు వస్తాయి, దాబాల వెనుక చెత్త, చెత్తకు కోతులు, కుక్కలు, కుక్కలకు చిరుతలు. శ్రీశైలం రోడ్డు మీద ఆలస్యంగా నేర్చుకున్న పాఠాన్ని ఇక్కడ మొదటిరోజే అమలుచేయొచ్చు. జంతువులు దాటే చోట్లు ముందే కెమెరాలతో గుర్తించి, కిందినుంచి దారులు డిజైన్‌లోనే పెట్టి, వేగం, వేళ ఇప్పుడే తేల్చుకోవచ్చు. రోడ్డు పూర్తయ్యాక గేటు పెట్టడం ఏ ప్రభుత్వానికైనా కష్టమే.

98 జీవో గుర్తున్న నేల

ఇన్ని గేట్ల మధ్య పూర్తిగా పొమ్మంటున్నది మాత్రం లోపల ఉన్నవాళ్లనే. 2024 జూన్‌లో జాతీయ పులుల సంస్థ రాష్ట్రాలకు లేఖ రాసింది. దేశంలోని పులుల కోర్ ప్రాంతాల్లో ఇంకా 591 ఊళ్లు, 64,801 కుటుంబాలు ఉన్నాయి, వాటిని తరలించే గడువు పట్టిక పంపమంది. అమ్రాబాద్‌లో సార్లపల్లి, కుడిచింతలబైలు లాంటి ఊళ్ల పేర్లు తరలింపు జాబితాలో చాలాకాలంగా వినిపిస్తున్నాయి. కుటుంబానికి 15 లక్షల రూపాయలు, లేదంటే భూమి, ఇల్లు. కవ్వాల్‌లో 2024లో మైసంపేట, రాంపూర్ గ్రామాలను అలా బయటికి తెచ్చారు. రోడ్డు, బడి, ఆసుపత్రి దగ్గర కావాలని తామే వెళ్తామనే కుటుంబాలు అమ్రాబాద్‌లోనూ ఉన్నాయి. వాళ్లను ఆపడమూ అన్యాయమే.

అయితే ఈ ప్రాంతానికి తరలింపు కొత్త కాదు. శ్రీశైలం జలాశయం కింద 1981లో వందకు పైగా ఊళ్లు, దాదాపు లక్ష మంది కదిలారు. కొల్లాపూర్ చుట్టుపక్కల పాత ఊళ్ల పొలాలు ఇప్పటికీ నీళ్లు తగ్గినప్పుడు బయటపడతాయి, రైతులు దున్ని పంట తీసుకుంటారు. సోమశిల, జటప్రోలు గుళ్లను రాయి రాయి లెక్కపెట్టి విప్పి, పైకి తెచ్చి, మళ్లీ కట్టారు. మనుషులకు ఇచ్చిన మాట అంత పద్ధతిగా నిలబెట్టలేదు. ముంపు కుటుంబాల్లో ఉద్యోగాలిస్తామని 1986లో వచ్చిన 98 జీవో కింద ఇచ్చిన దరఖాస్తులు తరం మారినా తిరుగుతూనే ఉన్నాయి. ఆ సంగతి తెలిసిన నేల మీద స్వచ్ఛంద తరలింపు అన్న మాటను జనం అనుమానంగా వినడంలో ఆశ్చర్యం లేదు.

తరలించకుండా నడపలేమా అంటే నడిపిన చోటు ఉంది. కర్ణాటకలోని బిళిగిరి రంగన కొండల్లో 2011లో సోలిగ గిరిజనులకు సామూహిక అటవీ హక్కులు ఇచ్చారు. దేశంలో పులుల రిజర్వు లోపల అలా హక్కులు దక్కింది మొదట వాళ్లకే. ఆ తర్వాత అక్కడ పులులు మాయం కాలేదు. దీనికి ఎదురు ఉదాహరణ మన దగ్గరే ఉంది. 2025 మే చివర్లో తెలంగాణ ప్రభుత్వం కవ్వాల్, మహారాష్ట్రలోని తడోబా మధ్య దాదాపు 1,500 చదరపు కిలోమీటర్లను కుమ్రం భీం కన్జర్వేషన్ రిజర్వుగా ప్రకటిస్తూ 49వ జీవో ఇచ్చింది. పులి దారికి అది అవసరమే. కానీ ఊళ్లతో ముందుగా మాట్లాడుకోలేదు. ఆదివాసీలు ఆందోళనకు దిగడంతో జులైలో దాన్ని పక్కన పెట్టాల్సి వచ్చింది. మంచి గీతే, గీసిన తీరు పాడుచేసింది.

అమ్రాబాద్‌లో తర్వాతి పని ఏమిటో దీన్నిబట్టి తేలిపోతుంది. అప్పాపూర్, బౌరాపూర్, మేడిమల్కల్, పుల్లాయిపల్లి పెంటల్లో సామూహిక హక్కుల పత్రాలు ముందు పూర్తి చేయాలి. తరలింపు ప్రతిపాదన ఉన్న ప్రతిచోటా గ్రామసభలో షరతులన్నీ తెలుగులో చదివి వినిపించి, ఒప్పుకున్నవారి పేర్లు, ఒప్పుకోనివారి పేర్లు రెండూ రాసుకోవాలి. ఉంటామన్నవారికి గస్తీలో, మంటల కాపలాలో దినకూలీ కాకుండా పర్మనెంట్ ఉద్యోగం ఇవ్వాలి. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు, 2006లో చేసిన రెండు చట్టాలూ చాలు.